మేకు దిగని నేల

ఇటలీ ఆగ్నేయ తీరంలో, అపూలియా ప్రాంతంలోని మన్‌ఫ్రెదోనియా పట్టణానికి ఆనుకుని సిపోంతో అనే పురావస్తు స్థలం ఉంది. రోమన్లు క్రీ.పూ. 194లో వలస పట్టణంగా నెలకొల్పిన ఈ రేవు తర్వాతి కాలంలో బిషప్ పీఠంగా ఎదిగింది. భూకంపాలను, చిత్తడి నేలలు తెచ్చిపెట్టిన జ్వరాలను తట్టుకోలేక 13వ శతాబ్దంలో అది ఖాళీ అయింది. సిసిలీ రాజు మాన్‌ఫ్రెడ్ పక్కనే తన పేరున కట్టించిన కొత్త పట్టణానికి జనం తరలిపోయారు. వెనక మిగిలినవి 1117లో ప్రతిష్ఠ జరిగిన ఒక చర్చి, దాని పక్కనే కూలి నేలమట్టమై పునాదుల వరసలుగా మాత్రమే కనిపించే అంతకంటే పాత బాసిలికా. రోమన్లు న్యాయసభలకూ బేరసారాలకూ వాడుకున్న పొడవాటి స్తంభాల శాలను బాసిలికా అనేవారు. క్రైస్తవానికి రాజాదరణ దొరికాక అదే నమూనాను ప్రార్థనాలయాలకు తీసుకున్నారు. 2016 మార్చిలో ఆ పునాదుల గీత వెంట మళ్లీ ఒక బాసిలికా లేచింది. దానికి స్తంభాలున్నాయి, కమానులున్నాయి, కొసన అర్ధవలయాకారపు గర్భభాగం ఉంది, కానీ రాయి గానీ ఇటుక గానీ సున్నం గానీ లేవు. ఉన్నదంతా జింకు పూత పూసిన ఇనుప తీగల వలే. 1987లో పుట్టిన ఎదోఆర్దో త్రెసోల్ది అనే కళాకారుడు దాదాపు 4,500 చదరపు మీటర్ల వలతో, 14 మీటర్ల ఎత్తున దాన్ని నిలబెట్టాడు.

ఇలాంటి పనిని కళాచరిత్రకారులు స్థలనిర్దిష్ట కళ అంటారు. ఎక్కడికైనా తీసుకుపోయి పెట్టగలిగిన బొమ్మ కాక, ఒక చోటు కొలతలను, వెలుతురును, చరిత్రను, అక్కడ మనుషులు మసలే తీరును లెక్కలోకి తీసుకుని ఆ చోటు కోసమే రూపుదిద్దిన పని అని దాని అర్థం. ఇన్‌స్టలేషన్ అన్న మాట దీనికి తోబుట్టువు. ఎదురుగా నిలబడి చూసే ఒంటరి వస్తువుగా కాక, చూసేవారు లోపలికి నడిచి వెళ్లేలా ఒక ప్రదేశాన్నంతా అమర్చితే దానికి ఆ పేరు. గ్యాలరీలో ధర చీటీ తగిలించుకున్న సరుకుగా కళ మారిపోయిందన్న అసంతృప్తి నుంచి 1960ల చివర, 1970లలో అమెరికాలో ఈ ఆలోచన బలపడింది. దానికి అందరికంటే కరడుగట్టిన ప్రతినిధి రిచర్డ్ సెర్రా. న్యూయార్క్‌లోని ఫెడరల్ ప్లాజా అనే కార్యాలయాల ముంగిట 1981లో అతడు 36 మీటర్లకు పైగా పొడవున్న ఒరిగిన ఉక్కు గోడను నిలబెట్టాడు. దారికి అడ్డంగా ఉందని అక్కడి ఉద్యోగులు మొరపెట్టుకోగా 1985లో బహిరంగ విచారణ జరిగింది. దాన్ని మరో చోటికి మారుద్దామన్న ప్రతిపాదనకు సెర్రా ససేమిరా అన్నాడు; ఆ చోటు నుంచి కదిలిస్తే ఆ పని నశించినట్టేనని అతడి వాదం. 1989 మార్చి 15 రాత్రి దాన్ని కోసి, ముక్కలుగా ఎత్తుకుపోయారు.

ఈ వాదం తెలుగు పాఠకుడికి పరాయిదిగా తోచనక్కర్లేదు. గుడిలో మూలవిరాట్టు వేరు, ఉత్సవమూర్తి వేరు. మూలవిరాట్టు ఆ నేలకు చెందినది, స్థలపురాణం చెప్పేది దాని కథనే. ఉత్సవమూర్తి పల్లకి ఎక్కి ఊరేగి, మళ్లీ లోపలికి వెళ్లిపోయేది. సెర్రా తన ఉక్కు గోడకు కోరింది మూలవిరాట్టు హోదా. అయితే పురావస్తు స్థలంలో ఆ హోదా అప్పటికే మరొకరిది, అంటే తవ్వితీసిన ఆ శిథిలానిది. అక్కడికి వచ్చే కొత్త కళకు ఉత్సవమూర్తి హోదా తప్ప మరొకటి దొరకదు. స్థలం శాశ్వతం, పని తాత్కాలికం. స్థలనిర్దిష్ట కళ తన సిద్ధాంతానికి పూర్తిగా ఎదురు నియమంతో కాపురం చేయాల్సి వచ్చిన చోటు పురావస్తు స్థలమే. ఆ కాపురం నుంచే ఈ కళలోని మంచి పనులు కొన్ని పుట్టాయి.

పాత చోట కొత్త పని పెట్టడం ఈ కాలపు వింత కాదు. పాతదాన్ని తాకకూడదన్న నియమమే ఈ కాలానిది. అమరావతి స్తూపం దీనికి చక్కని సాక్ష్యం. ఆ స్తూపాన్ని శతాబ్దాల పొడవునా పెంచుతూ, మార్చుతూ, కొత్త ఫలకాలు తొడుగుతూ పోయారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీస్తుకు పూర్వపు శిల్పుల పని: బుద్ధుడి రూపం లేదు, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరించే భక్తులు. ఆ పలకనే క్రీ.శ. 3వ శతాబ్దంలో తిరగేసి, వెనక వైపున పూలదండలతో, సింహాలతో, గుంపులు గుంపులుగా జనంతో కిటకిటలాడే స్తూపాన్ని చెక్కారు. పాత శిల్పం అప్పుడు లోపలి వైపుకు పోయింది. దాన్ని చేసినవారికి అది అపచారమని తోచి ఉండదు. స్తూపం బతికి ఉన్న పూజాస్థలం, రాయి విలువైన సరుకు, పుణ్యం కొత్త దానంలో ఉంది. రోమ్‌లోనూ సంగతి ఇంతే. పాంథియన్ దేవాలయం 7వ శతాబ్దంలో చర్చిగా మారింది, కొలోసియం రాళ్లు తర్వాతి కాలపు భవనాల గోడల్లోకి చేరాయి. అప్పుడు కొత్తది పాతదాని మీదే కూర్చునేది, తరచూ దాన్ని మింగేసేది.

ఇటలీలోని ప్రాచీన పట్టణం పోంపేయిలో 1748లో మొదలైన తవ్వకాల నాటి నుంచి, ముఖ్యంగా 19వ శతాబ్దంలో పురావస్తు శాస్త్రం ఒక అధ్యయన శాఖగా స్థిరపడ్డాక, ఈ వైఖరి తలకిందులైంది. దానికి కారణం పాతదాని మీద భక్తి ఒక్కటే కాదు, పద్ధతి కూడా. నేలలో కాలం పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. కింది పొర పాతది, పై పొర కొత్తది, ఏ పొరలో ఏ నాణెం, ఏ కుండపెంకు దొరికిందన్న దాన్ని బట్టే కాలనిర్ణయం జరుగుతుంది. మేకు దిగ్గొట్టినా, గుంజ పాతినా ఆ రంధ్రం గుండా పొరలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చదవాల్సిన పుస్తకంలో నాలుగు పుటలు గుచ్చి చించినట్టవుతుంది. తవ్వకమే ఒక విధంగా విధ్వంసం, ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వలేరు. అందుకే తవ్వని చోటును రాబోయే తరాల కోసం అలాగే ఉంచడం పురావస్తు శాస్త్రజ్ఞుడి ధర్మాలలో మొదటిదైంది.

కూలినదాన్ని తిరిగి కట్టే విషయంలో కూడా నియమం బిగిసింది. క్రీట్ దీవిలోని క్నోసోస్ రాజభవనాన్ని 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో తవ్విన ఆర్థర్ ఎవాన్స్, తన ఊహకు తోచిన మేరకు కాంక్రీటుతో అంతస్తులు లేపి, ఎర్రటి స్తంభాలు నిలిపి, రంగులు వేయించాడు. ఇవాళ అక్కడికి వెళ్లే యాత్రికుడికి ఏది మూడున్నర వేల ఏళ్ల నాటిదో, ఏది ఎవాన్స్ మేస్త్రీల పనో విడదీసి చూడటం కష్టం. ఇలాంటి అనుభవాల మీదే 1964లో వెనిస్‌లో సమావేశమైన వాస్తుశిల్పులు, పరిరక్షణ నిపుణులు ఒక నియమావళిని ఆమోదించారు. వెనిస్ చార్టర్ అని దానికి పేరు. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలనీ, తప్పనిసరిగా చేర్చినదేదైనా పాతదాని నుంచి విడిగా గుర్తుపట్టేలా తన కాలపు ముద్రతో ఉండాలనీ అది చెప్పింది. తవ్వకాల్లో బయటపడిన శిథిలాల మీద కొత్తగా కట్టడం అసలే కూడదంది. పడిపోయిన అసలు రాళ్లనే ఏరి, వాటి చోట వాటిని తిరిగి నిలిపే అనాస్టైలోసిస్ అనే పద్ధతికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ నియమావళిని రాసినవారు పరిరక్షణ గురించి ఆలోచించారే తప్ప కళాకారుల గురించి కాదు. అయినా ఆ తర్వాతి అరవై ఏళ్లలో శిథిలాల మధ్య జరిగిన కళాప్రయోగాల తీరును నిర్ణయించినవి అందులోని వాక్యాలే అనవచ్చు.

తొలి అడుగులు అంతకు కొంచెం ముందే పడ్డాయి. ఇటలీలోని స్పొలేతో అనే కొండ పట్టణంలో సంగీతకారుడు జాన్ కార్లో మెనొత్తి 1958లో మొదలుపెట్టిన ఉత్సవంలో భాగంగా, 1962 వేసవిలో జొవాన్ని కరందెంతే అనే కళాచరిత్రకారుడు శిల్పాలను మ్యూజియం నుంచి వీధుల్లోకి, చౌరస్తాల్లోకి, మెట్ల మీదికి తెచ్చాడు. దానికి ఇటలీ ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ ఇతాల్‌సిదెర్ తన కర్మాగారాలను, పనివాళ్లను అప్పగించింది. జెనోవా దగ్గర వోల్త్రిలో మూతపడిన కర్మాగారం ఒకటి అమెరికన్ శిల్పి డేవిడ్ స్మిత్‌కు దొరికింది. ఒకటో రెండో శిల్పాలు చేసిపెట్టమని పిలిస్తే అతడు 30 రోజుల్లో 27 చేశాడు. కమ్మరి పట్టకార్లు, చక్రాలు, రేకు తునకలు, పనివాళ్లు వదిలేసి పోయిన పనిముట్లు, చేతికి దొరికినదల్లా అతుక్కుని శిల్పమైంది. వాటిలో ఎక్కువ భాగాన్ని స్పొలేతో రోమన్ రంగశాల రాతి మెట్ల మీద నిలబెట్టారు. మూతపడిన కర్మాగారపు తుక్కు, మూతపడిన రంగశాల మెట్లెక్కి కూర్చుంది. కూర్చోబెట్టిన తీరు చూస్తే ప్రేక్షకులే ఇనుముగా మారి, ఎప్పటికీ మొదలుకాని నాటకం కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది. ఊగో మూలాస్ తీసిన ఛాయాచిత్రాల్లో అది ఇప్పటికీ చూడవచ్చు. ఆ శిల్పాలు తర్వాత తలో మ్యూజియానికీ చేరాయి. అదే ఉత్సవానికి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన 18 మీటర్ల ఉక్కు శిల్పం మాత్రం స్పొలేతో రైల్వే స్టేషన్ ముందు ఉండిపోయింది. ఎవరికీ పట్టని స్టేషన్ ముంగిలికి శాశ్వత స్థానం దొరికింది, రంగశాలకు దొరకలేదు.

పన్నెండేళ్ల తర్వాత క్రిస్టో, జాన్-క్లోడ్ అనే కళాకార దంపతులు రోమ్‌లో మరో దారి చూపారు. క్రీ.శ. 270లలో ఆరేలియన్ చక్రవర్తి మొదలుపెట్టిన నగర ప్రాకారంలో, వియా వెనెతో కొసన ఉన్న ద్వారం దగ్గర 259 మీటర్ల గోడను 1974లో వారు పాలీప్రొపిలీన్ గుడ్డతో చుట్టి, తాళ్లతో బిగించారు. దాని నాలుగు కమానుల్లో మూడు వాహనాలకు, ఒకటి నడిచేవారికి; ఆ రాకపోకలు ఆగలేదు. 40 రోజుల తర్వాత గుడ్డ విప్పేశారు. రోజూ దాని కింద నుంచి పోతూ తలెత్తి చూడని జనం, మూత పడ్డాకే గోడ వైపు చూశారు. ఆ పనిలో గోడకు చేర్చినది, గోడ నుంచి తీసినది ఏదీ లేదు. తాత్కాలికత అక్కడ ఒక పరిమితిగా కాక పని సారాంశంగా మారింది.

సిపోంతో తీగల బాసిలికాను ఈ వరసలో పెట్టి చూస్తేనే దాని తెలివి అర్థమవుతుంది. ప్రభుత్వం ఆ పురావస్తు ఉద్యానానికి మొత్తంగా దాదాపు 35 లక్షల యూరోలు వెచ్చించిన పథకంలో అది ఒక భాగం. పునాదుల్ని చూసి కట్టడాన్ని ఊహించుకోవడం పురావస్తు శాస్త్రజ్ఞుడికి అలవాటే గానీ మామూలు సందర్శకుడికి మోకాలెత్తు రాతి వరసలు ఏమీ చెప్పవు. తిరిగి కట్టడానికి వెనిస్ నియమం ఒప్పుకోదు. కట్టకుండా వదిలేస్తే ఎవరికీ అర్థం కాదు. ఈ రెంటికీ మధ్య సన్నని సందులో త్రెసోల్ది వల దూరింది. అది కట్టడం కాదు, గాలిలో గీసిన బొమ్మ. రాయిలా నటించదు కనుక పాతదేదో కొత్తదేదో పసిపిల్లవాడు కూడా చెప్పగలడు. దాని మొత్తం బరువు సుమారు 7 టన్నులు మాత్రమే. అదే రాయితో కడితే ఒక్క గోడలో కొంత భాగమే అంతకు మించి తూగుతుంది.

దగ్గరికి వెళ్లి చూస్తే ఈ పని గుట్టు తెలుస్తుంది. ఒక పొర వల ఉన్న చోట చేతికి అందే దూరంలోనే గోడ మాయమైపోతుంది, అవతలి చెట్లు, ఆకాశం తప్ప ఏమీ ఉండదు. నాలుగు అడుగులు పక్కకు జరిగితే ఒక స్తంభం వెనక మరో స్తంభం, దాని వెనక కమాను, దాని వెనక గోడ ఒకదాని మీద ఒకటి పడి, తీగలు చిక్కబడి, బూడిద రంగు పొగతో కట్టినట్టు ఒక నిండు కట్టడం కనిపిస్తుంది. స్తంభాల తలకట్టుల మీద ఆకులు విచ్చుకున్న తీరు, కిటికీల వంపు కూడా తీగతో అల్లినవే. స్తంభం లోపల బోలు. అందులోంచి మేఘం పోతుంది. మధ్యాహ్నపు ఎండలో వల దాదాపు కరిగిపోయి పునాది రాళ్లే మిగులుతాయి. చీకటి పడ్డాక లోపలి దీపాలు వెలిగితే లెక్క తిరగబడి, రాళ్లు మాయమై బాసిలికా ఒక్కటే నిలుస్తుంది. పక్కనే ఉన్న 12వ శతాబ్దపు రాతి చర్చి ఈ దోబూచులాటకు కొలబద్దగా నిలబడుతుంది. 2018లో ఇటలీ వాస్తుకళా స్వర్ణపతక పోటీలో ఈ పనికి ప్రత్యేక బహుమతి వచ్చింది. అది పని చేయించినవారి విభాగంలో రావడం సముచితంగానే ఉంది, ఎందుకంటే ఇక్కడ అడ్డు చెప్పిన నియమానికి, ఆ నియమానికి కట్టుబడి సాహసించిన అధికారులకు కళాకారుడితో సమానమైన వాటా ఉంది. తాత్కాలికమని ముద్రపడే ఈ జాతి పనుల్లో సిపోంతో బాసిలికా ఏళ్ల తరబడి నిలిచిన అరుదైనది కూడా.

బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ పనులు ఇంకో ప్రశ్నను ముందుకు తెస్తాయి. దక్షిణ ఇటలీలోని కలాబ్రియాలో, ఆలివ్ తోపుల మధ్య రోమన్ పట్టణం స్కొలాచియం శిథిలాలున్నాయి. 2005 నుంచి కొన్నేళ్లు అక్కడ సమకాలీన శిల్పుల ప్రదర్శనలు జరిగాయి. 2006లో గోర్మ్లీ తన దేహం నుంచి అచ్చు తీసిన 100 పోత ఇనుప విగ్రహాలను ఆలివ్ చెట్ల మధ్య నిలిపాడు. ఒక్కొక్కటి 600 కిలోలకు పైగా తూగే ఈ మనుషుల తలలన్నీ ఒకే మట్టంలో ఉండాలన్నది అతడి నియమం. నేల ఎగుడుదిగుడు కనుక గట్టు ఎత్తున ఉన్న చోట విగ్రహం మోకాళ్ల దాకానో ఛాతీ దాకానో మట్టిలో కూరుకుపోయింది, పల్లంలో దిమ్మె ఎక్కి నిలబడింది. తవ్వేవాడు నేల లోతును కొలవడానికి ఒక స్థిరమైన మట్టాన్ని పెట్టుకుని, అక్కడి నుంచి పైకీ కిందికీ లెక్క కట్టినట్టే ఇక్కడ మనిషి దేహం కొలకర్ర అయింది. పురావస్తు స్థలపు భాషను ఇంత సూటిగా పట్టుకున్న పని మరొకటి చూపడం కష్టం. కానీ 2024లో ఆ నూరు విగ్రహాలే ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో హౌటన్ హాల్ అనే 18వ శతాబ్దపు జమీందారీ భవనపు పచ్చికబయళ్లలో నిలబడ్డాయి. అక్కడ రోమన్ పట్టణం లేదు, కింద పొరలు లేవు, ఆలివ్ లేదు. విగ్రహాలు అవే, నియమం అదే, స్థలం మాత్రం లేదు. సెర్రా మాటను తీసుకుంటే స్కొలాచియం పని చనిపోయింది, హౌటన్‌లో కనిపించింది దాని ఉత్సవమూర్తి మాత్రమే.

ఆ రెండు ప్రదర్శనల మధ్య, 2019 మే నుంచి అక్టోబరు దాకా గోర్మ్లీ పనులు గ్రీసులోని డీలోస్ దీవిలో కొలువుదీరాయి. అపోలో, ఆర్టెమిస్ పుట్టినచోటుగా గ్రీకు పురాణాలు చెప్పే ఈ చిన్న దీవిని ఏథెన్స్ వారు క్రీ.పూ. 426లో శుద్ధి చేసి, అక్కడ ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు అని శాసించారు. నెలలు నిండినవారినీ, ప్రాణం మీదికి వచ్చినవారినీ పక్క దీవికి దాటించేవారు. తర్వాత రోమన్ల కాలంలో సుంకాలు లేని రేవుగా, బానిసల సంతగా కిక్కిరిసి, క్రీ.పూ. 88లో, మళ్లీ 69లో దాడులకు గురై, మెల్లగా పాడుబడింది. 1870ల నుంచి ఫ్రెంచి వారు తవ్వుతున్న ఈ దీవి 1990 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. నియోన్ అనే గ్రీకు సాంస్కృతిక సంస్థ, సైక్లడీస్ దీవుల పురావస్తు అధికారులు కలిసి, కేంద్ర పురావస్తు మండలి అనుమతితో 29 ఇనుప విగ్రహాలను తీరాన, కొండపైన, ఇళ్ల శిథిలాల మధ్య, మ్యూజియం దగ్గర నిలిపారు. ఆ దీవి మీద సమకాలీన కళాకారుడి పని ఉంచడం అదే మొదటిసారి. దీవి నిండా ఖాళీ పీఠాలున్నాయి. వాటి మీది కంచు, పాలరాతి మనుషులు ఏనాడో పోయారు. పడవలో వచ్చే సందర్శకుడికి ముందుగా ఎదురయ్యేది సముద్రపుటంచున నిలబడ్డ ఒంటరి ఇనుప మనిషి. అతడు పీఠాల లెక్కలోని వాడో, దారి తప్పి వచ్చిన యాత్రికుడో తేల్చుకోవడానికి కొన్ని క్షణాలు పట్టేది. వీటిలో 24 పాత విగ్రహాలే, అయిదు మాత్రం ఆ దీవి కోసం కొత్తగా చేసినవి. అయినా మొత్తం మీద పని డీలోస్‌దిగానే నిలిచిందంటే, ఖాళీ పీఠాల మధ్య విగ్రహాలకు చోటు వెతికిన తీరే అందుకు కారణం.

శిథిలాల పక్కన పెట్టినదల్లా శిథిలాలతో మాట్లాడుతుందనుకోవడం పొరపాటు. పోలెండ్ మూలాలున్న శిల్పి ఈగర్ మితోరాయ్ కంచు విగ్రహాలను 2011లో సిసిలీలోని అగ్రిజెంతో గ్రీకు ఆలయాల మధ్య, అతడు 2014లో కన్నుమూశాక, 2016లో పోంపేయిలో ప్రదర్శించారు. పోంపేయిలో దాదాపు 30 విగ్రహాలుండగా వాటిలో డీడలస్ విగ్రహం అక్కడే ఉండిపోయింది. అగ్రిజెంతోలో కాంకోర్డియా ఆలయం ముందు నేలకొరిగిన రెక్కల ఇకారస్ కూడా అంతే. చేతులు తెగిన, తలలు పగిలిన ఆ విగ్రహాలు పుట్టుకతోనే శిథిలాలు. అవి అక్కడ ఎంత ఇముడుతాయంటే, తొందరలో ఉన్న యాత్రికుడు వాటిని తవ్వకాల్లో దొరికినవే అనుకుని ఫొటో తీసుకుని పోగలడు. కొత్తది కొత్తదిగా తెలియాలన్న వెనిస్ నియమానికి ఇవి అక్షరాలా లోబడినా స్ఫూర్తికి లోబడవు. నిజంగా పగిలినదానికి ఒక కారణం, ఒక తేదీ ఉంటాయి. పోంపేయిలో ఆ కారణం వెసూవియస్ అగ్నిపర్వతం, ఆ సంవత్సరం క్రీ.శ. 79. అందం కోసం పగలగొట్టినది దాని పక్కన నిలబడితే అలంకారంగానే మిగులుతుంది.

గీజా పిరమిడ్ల దగ్గర 2021లో మొదలైన ప్రదర్శన ఈ కళ ఎదుర్కొంటున్న మరో ప్రలోభాన్ని చూపింది. ఆర్ట్ డి ఈజిప్ట్ అనే సంస్థ పది మంది కళాకారులను ఇసుకలోకి పిలిచింది. 4,500 ఏళ్ల పిరమిడ్ల చరిత్రలో సమకాలీన కళా ప్రదర్శన ఇదే మొదటిదని ప్రచారం సాగింది; పిరమిడ్లు కట్టిన నాడు వాటి చుట్టూ ఉన్న కళంతా సమకాలీనమే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఫ్రెంచి కళాకారుడు జెఆర్ ఇనుప చట్రం మీద ముద్రించిన బొమ్మను అమర్చాడు. ఒక నిర్ణీత చోట నిలబడి చూస్తే పిరమిడ్ శిఖరం మొండెం నుంచి విడిపోయి గాలిలో తేలుతున్నట్టు కనిపించేది. చమత్కారం చమత్కారమే. అయితే ఆ పని నడిచి తిరిగేవారి కోసం కాక ఫోన్ కెమెరా కోసం చేసినది. రెండడుగులు పక్కకు వేస్తే పిరమిడ్ పిరమిడ్‌గానూ, చట్రం చట్రంగానూ మిగిలిపోయేవి. అక్కడ స్థలం విషయం కాదు, ఫొటో వెనకాల వేలాడే తెర.

భారతదేశంలో కథ వేరు. 1958 నాటి పురాతన కట్టడాల, పురావస్తు స్థలాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అందుచేత ఇక్కడ సమకాలీన కళ తవ్వకాల నేల మీదికి కాక పాత కోటల్లోకి, గోదాముల్లోకి చేరింది. 2017 చివర్లో జైపూర్ నాహర్‌గఢ్ కోటలోని రాణీవాసపు గదుల్లో మొదలైన శిల్పోద్యానం అలాంటిదే. అంతకంటే లోతైన ప్రయత్నం 2012లో కొచ్చిలో జరిగింది. రోమన్ నౌకలు మిరియాల కోసం వచ్చిన ముజిరిస్ రేవుగా భావిస్తున్న పట్టణం అనే ఊళ్లో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో రోమన్ మద్యపాత్రల పెంకులు బయటపడ్డాయి; వాటిలో కొన్ని పోంపేయి ఉన్న కంపానియా ప్రాంతపు మట్టితో చేసినవి. లెక్కించి, నమోదు చేశాక పక్కన పెట్టిన కుండపెంకులను వేల సంఖ్యలో తెచ్చి, కళాకారుడు వివాన్ సుందరం కొచ్చిలోని పాత గోదాములో ఒక ఊహా నగరాన్ని నేల మీద పరిచాడు. వాటి మధ్య మిరియాలు చల్లి, నీరు వదిలి ముంచి, ఆ మునకను చిత్రీకరించి చూపాడు. కళ స్థలానికి వెళ్లలేని చోట స్థలమే పెంకులు పెంకులుగా కళ దగ్గరికి వచ్చింది.

స్థలమే కదిలి వచ్చిన మరో సందర్భం తెలుగు నేలదే, అందులో కళాకారుల ప్రమేయం లేదు. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయను, నాగార్జునసాగర్ నీళ్లు కమ్మేలోగా, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వారు. విహారాలు, చైత్యాలు, స్నానఘట్టాలు, చుట్టూ రాతి మెట్ల వరసలున్న ఒక రంగస్థలం బయటపడ్డాయి. తొమ్మిది కట్టడాలను విప్పి, రాయి రాయినీ మోసి, ఇప్పుడు దీవిగా మారిన కొండ మీద తిరిగి నిలబెట్టారు. మరికొన్నింటికి నమూనాలు చేసిపెట్టారు. మరికొన్ని కుడి గట్టున అనుపుకు చేరాయి. అసలు రాళ్లను తిరిగి పేర్చడం అనాస్టైలోసిస్‌ను తలపించినా, వాటిని వాటి చోట కాక మరో చోట పేర్చడం అందుకు పూర్తిగా వ్యతిరేకం. వేరే దారి లేనప్పుడు మాత్రమే ఎవరైనా ఆ పనికి పూనుకుంటారు. మూలవిరాట్టునే పల్లకి ఎక్కించాల్సి వచ్చిన సందర్భం అది. వెనిస్ నియమావళి వచ్చేనాటికి లోయలో పని ముగిసి నాలుగేళ్లయింది. 1967లో ఆనకట్ట పూర్తయింది. ఆ రంగస్థలపు మెట్ల మీద ఇప్పుడు అనుపులో ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. అది మొదట నిలిచిన నేల నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉంది.